సెల్లు మీద 9,800 అని ఉందని నమ్మి నీళ్లలోకి దిగొద్దు

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. బాలసముద్రం ఈతకొలనులో చిన్నప్పటి నుంచి ఈదుతున్నాను. పోయిన ఏడాది అండమాన్‌లో హావ్‌లాక్ దీవికి వెళ్లి స్కూబా కోర్సు చేసి వచ్చాను. అక్కడే ఒకాయన దగ్గర రెండు డైవింగ్ లైట్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒకదాని మీద వెలుగు వెయ్యి ల్యూమెన్లని ఉంది, 18650 అనే రీచార్జబుల్ లిథియం సెల్లు ఒక్కటే పడుతుంది. రెండోది పాతది, ఎనిమిది పెన్సిల్ సెల్లులు వేయాలి. మొదటి దానికి చౌరస్తా దగ్గర ఒక షాపులో 9,800 ఎంఏహెచ్ (సెల్లు నిల్వ కొలత) అని రాసిన సెల్లు తెచ్చి వేస్తే ఇరవై నిమిషాలకే వెలుగు పడిపోతోంది. లైటు పోయిందా, సెల్లు పోయిందా? ఏది కొనాలి, ఎన్నాళ్లకు మార్చాలి? జనవరిలో మళ్లీ అండమాన్ వెళ్తున్నాను, విమానంలో వీటిని రానిస్తారా? ఇంకో మాట. ములుగు దగ్గర మా మేనమామ ఊళ్లో గజ ఈతగాళ్లున్నారు. చెరువులో ఎవరైనా పడితే వాళ్లనే పిలుస్తారు. లైటు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు: మీ లైటు బాగానే ఉండి ఉంటుంది. సెల్లే దొంగది.

లెక్క చూడండి. ఇప్పటి ఎల్‌ఈడీ లైటు వెయ్యి ల్యూమెన్ల వెలుగివ్వాలంటే సుమారు పది వాట్లు తింటుంది. 18650 సెల్లు సగటున 3.6 వోల్టులు ఇస్తుంది కాబట్టి దాని నుంచి దాదాపు మూడు ఆంపియర్లు లాగుతుందన్నమాట. మూడు ఆంపియర్ల చొప్పున ఇరవై నిమిషాలంటే ఒక ఆంపియర్-అవర్, అంటే వెయ్యి ఎంఏహెచ్. మీ సెల్లులో ఉన్నది అంతే, లేదా అంతకు కాస్త అటూ ఇటూ. మిగతా 8,800 పైన చుట్టిన ప్లాస్టిక్ తొడుగు మీద మాత్రమే ఉంది.

18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, గుండ్రటి ఆకారం. ఆ కొలతలో పేరున్న కంపెనీలు పట్టించగలిగింది దాదాపు 3,500 ఎంఏహెచ్. శాంసంగ్ 35ఇ, ఎల్‌జీ ఎంజే1 అనేవి ఆ కోవలోవే, రెండూ 3,500. పానాసోనిక్ వాళ్ల ఎన్‌సీఆర్18650బీ 3,400. జపాన్, కొరియా కంపెనీలు ఇన్నేళ్లు పెనుగులాడి ఇక్కడికి వచ్చాయి. 6,800, 9,800, 12,000 అని రాసి ఉన్నవి ఏ దేశం నుంచి వచ్చినా అబద్ధమే. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి విప్పిన సెల్లులకు కొత్త తొడుగు వేసి అమ్మడం కూడా ఈ వ్యాపారంలో మామూలు. రాత్రి మోటారు పెట్టడానికి పొలానికి వెళ్లే రైతు తలకు కట్టుకునే లైటులో ఇలాంటి సెల్లు వేసుకుంటే పెద్ద నష్టం లేదు. ఆరిపోతే గట్టు మీద నిలబడి సెల్‌ఫోన్ వెలిగించుకుంటాడు. రాత్రి పూట పదిహేను మీటర్ల లోతులో మీరు ఏం వెలిగించుకుంటారు?

ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష చెబుతాను. సెల్లును బంగారం దుకాణం కాటా మీద పెట్టించండి. వంటింటి డిజిటల్ కాటా అయినా సరిపోతుంది. అసలైన మంచి 18650 సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. ముప్పై, ముప్పై అయిదు గ్రాములు చూపిస్తే ఇక మాట్లాడక్కర్లేదు. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని చెప్పలేం, తగ్గితే మాత్రం నకిలీ అని తేలిపోయినట్టే.

కొనేటప్పుడు ఎంఏహెచ్ ఒక్కటే చూడకండి. ఒకేసారి ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది కూడా చూడాలి. నేను చెప్పిన 35ఇ నిరంతరాయంగా ఎనిమిది ఆంపియర్లిస్తుంది, ఎంజే1 పది. శాంసంగ్ 30క్యూ నిల్వ తక్కువ, 3,000 మాత్రమే, కానీ పదిహేను ఆంపియర్లిస్తుంది. మీ లైటుకు మూడు చాలు కాబట్టి నిల్వ ఎక్కువున్న రకమే మీకు మేలు. రెండు మూడు వేల ల్యూమెన్ల వీడియో లైట్లు కొన్నవాళ్లకు 30క్యూ లాంటిది కావాలి.

అయితే ఈ కంపెనీలు ఈ సెల్లులను స్కూటర్ల బ్యాటరీలకు, పనిముట్ల బ్యాటరీలకు తయారు చేస్తాయి, విడిగా మనలాంటి వాళ్లకు అమ్మడానికి కాదు. విడి సెల్లుకు లోపల రక్షణ సర్క్యూట్ ఉండదు. లైటు కంపెనీలు అదే సెల్లు తీసుకుని, అడుగున చిన్న సర్క్యూట్ బిళ్ల పెట్టి, తమ పేరుతో తొడుగు వేసి అమ్ముతాయి. ధర ఎక్కువే. అయినా ఒక్క సెల్లు లైటుకు నేను అదే కొనమంటాను. మరీ ఎక్కువ ఖాళీ అయినా, షార్ట్ అయినా ఆ బిళ్ల కరెంటు ఆపేస్తుంది. మీ లైటు కంపెనీ పేరుతోనే దొరికితే మొదటి ఎంపిక అదే. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి వెతకాలన్నా బిల్లిచ్చే దుకాణంలోనే కొనండి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగండి.

బిళ్ల పెట్టడం వల్ల పొడవు పెరుగుతుంది. 65 కాస్తా 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా పోతుంది. కొన్నింటికి తల మీద బుడిపె ఉంటుంది, కొన్నింటికి చదునుగా ఉంటుంది. పొడవైన సెల్లును బలవంతంగా మూతతో నొక్కి బిగిస్తే ఆ బిళ్ల చిట్లుతుంది. చదును తల సెల్లు కొన్ని లైట్లలో అసలు తగలనే తగలదు, లేదా పడవ మీద కుదుపుకు తగిలీ తగలక లైటు కొట్టుకుంటుంది. మాన్యువల్ లేకపోతే లోపల స్కేలు పెట్టి కొలుచుకుని వెళ్లండి.

రెండో లైటు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనుషులకు దెబ్బలు తగిలేది ఇక్కడే. పెన్సిల్ సెల్లు సైజులోనే 14500 అనే లిథియం సెల్లు దొరుకుతుంది. చూడటానికి తేడా తెలియదు. మామూలు పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులు, అది 3.7. ఎనిమిది వేస్తే పన్నెండు వోల్టులు పోవాల్సిన చోట ముప్పై దాకా పోతాయి. షాపువాడు ‘ఇది రీచార్జబుల్, చాలా పవర్’ అన్నాడని తెచ్చి వేయకండి. గోడ గడియారాలకు వేసే చౌక రకం జింక్-కార్బన్ సెల్లులు కూడా వద్దు, ఇంత కరెంటు వాటి వల్ల కాదు, తొందరగా కారతాయి. పేరున్న ఆల్కలైన్ సెల్లులు వేయండి. మాన్యువల్ ఒప్పుకుంటే ఛార్జింగ్ నిలుపుకునే రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లులు వేసుకోవచ్చు. అవి ఒక్కోటి 1.2 వోల్టులే అయినా చివరి దాకా నిలకడగా ఇస్తాయి. కొన్ని కంపెనీలు తమ మూసిన లైట్లలో రీచార్జబుల్ వద్దని రాస్తాయి. దానికీ కారణముంది.

ఎనిమిది సెల్లులు వరసగా కలిపి ఉంటాయి కదా. అందులో ఏడు కొత్తవి, ఒకటి పాతది అనుకోండి. పాతది ముందే ఖాళీ అవుతుంది. మిగతా ఏడు ఆగకుండా దానిలోంచి కరెంటు తోస్తూనే ఉంటాయి. ఖాళీ అయిన సెల్లు తలకిందులుగా ఛార్జ్ అవడం మొదలై హైడ్రోజన్ వదులుతుంది. గోడకు తగిలించే మామూలు టార్చిలో అయితే ఆ గాలి ఏ సందులోంచో పోతుంది. డైవింగ్ లైటు నీళ్లు లోపలికి రాకుండా కట్టినది. నీటిని ఆపే రింగు గాలిని కూడా ఆపుతుంది. లోపల ఒత్తిడి పెరిగి మూత విప్పేటప్పుడు ఎగిరి మొహం మీదికి రావచ్చు, స్విచ్చి నిప్పురవ్వకు అంటుకోనూ వచ్చు. అందుకే మంచి లైట్లలో కొన్నింటికి లోపలి గాలిని బయటికి వదిలే వాల్వు పెడతారు, కొన్నింటిలో హైడ్రోజన్‌ను పీల్చుకునే గుళిక పెడతారు. మీ పాత లైటులో ఈ రెండూ లేవనే అనుకుని నడుచుకోండి.

కాబట్టి ఎనిమిదీ ఒకే కంపెనీవి, ఒకే ప్యాకెట్‌లోవి, ఒకే రోజు వేసినవి అయి ఉండాలి. ఒకటి పోతే ఎనిమిదీ మార్చాలి. టీవీ రిమోట్‌లో ఇంకా పని చేస్తోంది కదా అని అందులోది తీసి ఇందులో వేయడం ఎప్పుడూ చేయకండి. రెండు మూడు 18650లు వరసగా పడే లైట్లకూ ఇదే సూత్రం. వాటిని జతగా కొని, జతగా ఛార్జ్ చేసి, జతగానే తీసేయాలి. పర్మనెంట్ మార్కర్‌తో జత నంబరు, కొన్న నెల రాసుకుంటే సరి.

ఎన్నాళ్లకు మార్చాలన్న ప్రశ్నకు నెలల్లో సమాధానం లేదు. మంచి లిథియం సెల్లు మూడు వందల నుంచి అయిదు వందల ఛార్జింగ్‌ల దాకా వస్తుందంటారు. మీరు ఏడాదికి రెండుసార్లు వాడతారు కాబట్టి ఆ లెక్క మీకు వర్తించదు. వాడకపోయినా సెల్లు వయసు మీద పడుతూనే ఉంటుంది. దాన్ని కనిపెట్టే పద్ధతి ఇది.

కొత్త సెల్లు వచ్చిన మొదటి రోజే నిండా ఛార్జ్ చేసి, లైటులో వేసి, పూర్తి వెలుగులో పెట్టి నీళ్లున్న బకెట్లోనో గోలెంలోనో ముంచండి. గాలిలో పెట్టకండి. డైవింగ్ లైటు చల్లబడేదే చుట్టూ ఉన్న నీళ్ల వల్ల. బయట అంతసేపు వెలిగితే కాలిపోతుంది, లేదా వేడికి తనే వెలుగు తగ్గించుకుంటుంది, అప్పుడు మీ లెక్క తప్పుతుంది. ఎన్ని నిమిషాలకు వెలుగు పడిపోయిందో రాసి పెట్టుకోండి. మీ లైటులో అసలైన 3,500 సెల్లు దాదాపు గంట ఇవ్వాలి. ప్రతి ప్రయాణానికి ముందు ఇదే పరీక్ష మళ్లీ చేయండి. మొదటి రోజు సమయంలో అయిదో వంతు తగ్గిందా, అది ఇక నీళ్లలోకి పోయే సెల్లు కాదు. ఇంట్లో టార్చికి వేసుకోండి. నిండా ఛార్జ్ చేసినప్పుడు మల్టీమీటరులో 4.2 వోల్టులు చూపాలి. వారం పక్కన పెట్టి మళ్లీ చూస్తే 4.1 కంటే కిందికి దిగిందంటే లోపల ఏదో కారిపోతోంది. అదీ వద్దు.

కొన్నింటికి పరీక్షలే అక్కర్లేదు. తొడుగు చిరిగినా, సొట్ట పడినా, తల దగ్గర తుప్పు కనిపించినా, ఛార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కినా, తియ్యటి రసాయనం వాసన వచ్చినా అదే రోజు తీసేయండి. చాలాకాలం మర్చిపోయిన సెల్లు రెండు వోల్టుల కిందికి పడిపోతే దాన్ని మళ్లీ లేపాలని చూడకండి. చౌక ఛార్జర్లు దాన్ని లేపుతాయి కూడా, ప్రమాదం అక్కడే. ఉప్పునీళ్లు తగిలిన లిథియం సెల్లు ఆరబెట్టాక బాగానే పని చేస్తున్నట్టు కనిపించినా ఛార్జర్‌లో పెట్టొద్దు. తీసేసిన సెల్లుల రెండు కొనలకు టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్త ఆటోలో వేస్తే ఆ బండిలోనే నిప్పంటుకోవచ్చు.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. పాత బల్బు లైట్లు, ఆల్కలైన్ సెల్లులు మెల్లగా ఎర్రబడుతూ ముందే కబురు చెప్పేవి. లిథియం సెల్లు, సర్క్యూట్ ఉన్న లైటు చివరి దాకా తెల్లగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోవచ్చు. అందుకని నీళ్లలో వెలుగును చూసి కాదు, గడియారం చూసి నడుచుకోవాలి. బకెట్ పరీక్షలో గంట వస్తే నలభై నిమిషాలకు మించి దాని మీద ఆధారపడకండి. రాత్రి డైవ్‌కు ప్రతి ఒక్కరి దగ్గరా రెండు లైట్లుండాలని మీ కోర్సులో చెప్పే ఉంటారు. ఆ రెండోదానిలో సెల్లులు కూడా మొదటిదానంత నిక్కచ్చిగా ఉండాలి.

మనవైపు సెల్లులను చంపేది వాడకం కంటే ఎండ. వరంగల్, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీల దగ్గరికి పోతుంది. లిథియం సెల్లును ఛార్జ్ చేయదగ్గ వేడికి పై హద్దు కూడా 45 డిగ్రీలే. స్లాబు కింద సజ్జ మీద, రేకుల గదిలో, బండి డిక్కీలో ఉష్ణోగ్రత అంతకంటే ఎక్కువుంటుంది. అక్కడ నిండా ఛార్జ్ చేసిన సెల్లు రెండు ఎండాకాలాలు గడిపితే దాని సత్తువ చాలావరకు పోతుంది. అండమాన్ నుంచి రాగానే సెల్లును లైటులోంచి తీసేయండి. సగం ఛార్జింగ్‌లో, అంటే 3.7, 3.8 వోల్టుల దగ్గర ఉంచి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో కింది అరలో పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి మీటరు పెట్టి చూడండి. ఛార్జింగ్ రాత్రి పూట లేదా తెల్లవారుజామున, బండల మీద, మనుషులు మేలుకొని ఉన్నప్పుడు చేయండి. పరుపు మీద పెట్టి పడుకోవద్దు.

సెల్లు మార్చేటప్పుడు లైటును మంచినీళ్లతో కడిగి, తువ్వాలుతో ఒత్తి తుడిచి, తెరిచే వైపు కిందికి ఉండేలా పట్టుకుని విప్పండి. అప్పుడు మరల్లో దాగిన చుక్క లోపలికి జారదు. మొహానికి దూరంగా పట్టుకోవడం మర్చిపోకండి. నీటిని ఆపే రింగును, అంటే ఓ-రింగ్‌ను వేలితో తీసి, వెలుతురులో తిప్పి చూడండి. తువ్వాలు పోగు ఒక్కటి అడ్డం పడ్డా చాలు. ముప్పై మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీదకంటే నాలుగింతలు, అది ఆ పోగు పక్కనుంచే దారి చేసుకుంటుంది. నల్లటి రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి, మెరిస్తే చాలు. కొబ్బరి నూనె, వ్యాజిలైన్ వద్దు. రంగు రంగుల సిలికాన్ రింగులకు మాత్రం సిలికాన్ గ్రీజే పడదు, ఉబ్బిపోతాయి, వాటికి కంపెనీ చెప్పినదే వాడాలి. ఒక రోజులో రెండు డైవ్‌లుంటే, సెల్లు రెండింటికీ సరిపోతుందని బకెట్ పరీక్షలో తేలితే, మధ్యలో పడవ మీద లైటు విప్పకండి. లోపలికి నీళ్లు పోయే అవకాశం ఎక్కువగా వచ్చేది అక్కడే.

విమానం సంగతి సులువే. విడి లిథియం సెల్లులు చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. ఒక్కో సెల్లు వంద వాట్-అవర్ల లోపుంటే అనుమతి అక్కర్లేదు. మీరు కొనబోయే 3,500 సెల్లుది దాదాపు పన్నెండున్నర (3.6 వోల్టులను 3.5 ఆంపియర్-అవర్లతో హెచ్చిస్తే వచ్చేది). కొనలు తగలకుండా డబ్బాలో పెట్టండి. లైటులో సెల్లు ఉంచకండి. డైవింగ్ లైటు వేడెక్కే వస్తువు కాబట్టి నిబంధనల్లో దాని ప్రస్తావన విడిగా ఉంది, టికెట్ తీసుకున్నాక ఎయిర్‌లైన్స్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. శంషాబాద్‌లో అడిగితే విప్పి చూపించండి. మీ దొంగ 9,800 సెల్లును మాత్రం విమానం ఎక్కించొద్దు.

ఇక గజ ఈతగాళ్లు. ఇవ్వండి. వాళ్లు చేసే పని ఎంత పెద్దదో మన జిల్లాల్లో తెలియని ఊరు లేదు. రామప్ప చెరువులోనో లక్నవరంలోనో ఎవరైనా మునిగితే గుండె నిండా ఊపిరి పట్టి, తాడు నడుముకు కట్టుకుని దిగేది వాళ్లే. అయితే వెయ్యి ల్యూమెన్ల లైటు వాళ్లకు అంతగా ఉపయోగపడదు. వానాకాలపు చెరువు నీళ్లలో బురద తేలుతూ ఉంటుంది, పెద్ద వెలుగు వేస్తే పొగమంచులో బండి హైబీమ్ వేసినట్టు తిరిగి కళ్లలోనే పడుతుంది. సన్నటి కిరణం, తక్కువ వెలుగు కావాలి. లైటును కళ్లకు దగ్గరగా కాకుండా చేయి పక్కకు చాచి పట్టుకోవాలి. అప్పుడు బురద మెరుపు తగ్గి, చేతికందే దూరంలో ఉన్నది కాస్త కనిపిస్తుంది.

అందుకే వాళ్లకు పాత పెన్సిల్ సెల్లుల లైటు ఇవ్వండి. అర్ధరాత్రి ఫోను వస్తే ఛార్జింగ్ ఉందా లేదా అన్న బాధ ఉండదు, సెల్లులు ఊళ్లో కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. మీరు రెండో లైటుగా చిన్నది ఒకటి కొత్తగా కొనుక్కోండి. ఇచ్చే ముందు ఓ-రింగ్ కొత్తది వేయించండి, బకెట్లో గంటసేపు ముంచి చూడండి, మణికట్టుకు తగిలించుకునే తాడు కట్టండి. సెల్లులు లోపల ఉంచి దాచొద్దని చెప్పండి, నెలల తరబడి ఉంటే కారి లైటు పాడవుతుంది. విప్పని ప్యాకెట్‌ను, లైటును ఒకే సంచిలో పెట్టి, పిలుపు వచ్చినప్పుడే వేసుకోవాలి. పని అయ్యాక తీసేసి, ఆ ఎనిమిదిని ఇంట్లో రేడియోలకు, గడియారాలకు వాడుకోవచ్చు, ఈ లైటుకు మళ్లీ కొత్త ప్యాకెట్. లైటు చేతులు మారుతూ ఉంటుంది, మీరు చెప్పింది ఒకరికి గుర్తుంటే ఇంకొకరికి ఉండదు. కాబట్టి తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ఎనిమిదీ కొత్తవే, ఒకే ప్యాకెట్‌వే వేయాలి’ అని రాసి, పారదర్శక టేపుతో లైటు ఒంటికి చుట్టేసి ఇవ్వండి.